పాదసూత్రాలు: సటీకా తాత్పర్యం

అవతారిక

నగరంలో ఒక పాదవైద్యశాల వెలసింది. దాని కరపత్రం దినపత్రిక మడతలోంచి జారిపడుతోంది. నున్నటి కాగితం, సముద్రపుటొడ్డున ఎటో నడిచిపోతున్న రెండు తెల్లటి కాళ్లు, కింద ఐదు సూత్రాలు. కర్త పేరు లేదు గనుక అపౌరుషేయమనుకోవాలి. వెనక ప్యాకేజీల ధరలున్నాయి, అది ఫలశ్రుతి. ఇంతటి గ్రంథం వ్యాఖ్య లేకుండా చెత్తబుట్ట పాలు కావడం మనకు తలవంపులు. మహావ్యాఖ్యాత మల్లినాథసూరిది మన మెదకు కొల్చారమే కదా. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది పలకననీ ఆ మహానుభావుడు ప్రతిన పట్టాడు. అందులో మొదటి సగం నాకూ సమ్మతమే.

శాస్త్రారంభంలో నాలుగు చెప్పాలి: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. విషయం పాదం. ప్రయోజనం వైద్యశాలది. సంబంధం వెనకవైపు ధరల్లో ఉంది. అధికారి ఎవరో, అంటే ఈ గ్రంథం ఎవరి కోసమో, ఎక్కడా లేదు. ‘అందరికీ’ అట! గోళ్లకు రంగు వేయించుకోబోయే పెళ్లికూతురికీ, ఏళ్ల తరబడి షుగరుతో అరికాళ్లు మొద్దుబారిన రిటైర్డు మాస్టారికీ ఒకటే ఉపదేశం. చదువరి ఈ లోపాన్ని గుర్తుంచుకోవాలి.

సూ. 1. ‘26 ఎముకల అద్భుత నిర్మాణమైన పాదమే సంపూర్ణ ఆరోగ్యానికి పునాది.’

అర్థం స్పష్టం. 26 అన్న సంఖ్య మాత్రం ఊరికే వేసింది కాదు. సాంఖ్యులకు తత్త్వాలు 25. యోగమతం వారు ఈశ్వరుణ్ని చేర్చి 26 చేశారు. కాబట్టి కరపత్రకర్త సేశ్వరవాది. పాదంలో ఒక ఎముక ఈశ్వరస్థానీయం. ఏదీ అంటే, నా మొగ్గు మడమ ఎముక వైపు. భారమంతా మోస్తుంది, కనబడదు, నొప్పి పుడితే తప్ప ఎవరికీ జ్ఞాపకం రాదు. రెండు పాదాలకూ కలిపి 52. ఒంట్లో ఉన్న 206లో పావు వంతు చెప్పుల్లోనే తిరుగుతోందన్నమాట.

సూ. 2. ‘ప్రతిరోజూ మీ పాదాలను పరిశీలించుకోండి.’

ఇక్కడ ‘కోండి’ దగ్గర ఆగాలి. చూసేవాడూ కాలు గలవాడూ ఒకడే కావాలని నియమం. ఇది నెగ్గినవాడు మన వాఙ్మయంలో ఒక్కడే, న్యాయసూత్రాలు రచించిన గౌతముడు. ఆయనకు అక్షపాదుడని పేరు. పాదాల్లో కళ్లున్నాయట.

ఆ కళ్లు ఎలా వచ్చాయన్నదానికి రెండు కథలు. తర్కంలో మునిగి నడుస్తూ బావిలో పడ్డాడనీ, మళ్లీ పడకుండా పాదాలకు కళ్లు వరంగా దొరికాయనీ ఒకటి. తన మతాన్ని నిందించిన వ్యాసుడి మొహం ఈ కళ్లతో చూడనని శపథం చేసి, ఆయన వచ్చి బతిమాలితే, మాట తప్పకుండా పాదాల్లో కళ్లు తెరిచి చూశాడని రెండోది. తగాదా ఉంది గనుక నాకు రెండోదే ఇష్టం. పైగా మొదటిదానిలో ఒక చిక్కుంది. న్యాయమతంలో మనస్సు అణువు. ఒక క్షణంలో ఒక్క ఇంద్రియంతోనే కలుస్తుంది, అందుకే రెండు జ్ఞానాలు ఒకేసారి పుట్టవు. గౌతముడు బావిలో పడింది కళ్లు లేక కాదు, కళ్ల దగ్గర మనస్సు లేక. పైకళ్ల దగ్గరికి రాని అణువు కింది కళ్ల దగ్గరికి మాత్రం ఎందుకు దిగివస్తుంది? అదీగాక, నేలకానిన కన్ను బావిని చూసేది బావిలో కాలు పెట్టాకే. వరమిచ్చినవారెవరో న్యాయసూత్రాలు చదివినట్టు లేదు.

నను, కళ్లు పాదాల పైభాగాన ఉన్నాయనరాదా? అనవచ్చు. అప్పుడు చెప్పు పట్టీ అడ్డం వస్తుంది. మహర్షి పాదుకలు తొడిగేవాడా లేదా అన్న చర్చను విస్తరభీతి చేత వదిలేస్తున్నాను. వదలడానికి మనసొప్పడం లేదు కూడా. పావుకోడుకు పట్టీ ఉండదు, బొటనవేలి సందున గుబ్బ ఒక్కటే. కనుక పైభాగపు కంటికి ఆటంకం లేదు, ఆ పక్షం నిలుస్తుంది.

ఏదో కరపత్రం సంగతి చెబుతున్నాను. ఆఁ, మాస్టారు. అరికాలు చూసుకోవాలంటే పాదం రెండో తొడ మీదికి రావాలి. ఆయన మోకాలు అంత మడత పడడం మానేసి చాలా కాలమైంది. కంట్లో శుక్లాలు. ఇంట్లో ఇంకెవరినైనా చూడమనాలనో, నేల మీద అద్దం పెట్టుకోవాలనో సూత్రకారుడికి తోచలేదు. ఏం చూడాలో అంతకన్నా చెప్పలేదు. వేళ్ల సందుల్లో తెల్లగా పాసిందా, ఎక్కడైనా బొబ్బ లేచిందా, ఆనె కింద నల్లబడిందా, ఒక పాదం రెండోదానికన్నా వేడిగా, వాపుగా ఉందా. ఈ నాలుగు ముక్కలకు చోటు లేదు గానీ కాళ్ల బొమ్మకు అరపేజీ ఉంది.

షుగరు ముదిరిన పాదంలో త్వగింద్రియం సెలవు పుచ్చుకుంటుంది, ప్రత్యక్షప్రమాణం పోయినట్టే. చెప్పు జారిపోయినా తెలియక వీధి మలుపు దాకా నడుస్తారు, వెనకవాళ్లు కేకేస్తే అప్పుడు కిందికి చూసుకుంటారు. ఇక మిగిలింది పరీక్ష. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు ఒకటి ఉంది, మోనోఫిలమెంట్ అంటారు. కళ్లు మూసుకోమని దాన్ని అరికాల్లో అక్కడక్కడా ఆనిస్తారు. ‘తగిలింది’ అన్నచోట స్పర్శ బతికి ఉంది, మౌనంగా ఉన్నచోట లేదు. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు మోగించి బొటనవేలి ఎముక మీద పెట్టి అదురు తెలుస్తోందా అని అడగడం ఇంకొకటి. దీన్ని శ్రుతిప్రమాణం అనడానికి నాకు అభ్యంతరం లేదు. రెండూ కలిపి నిమిషాల్లో పని. కరపత్రంలో వీటి ఊసే లేదు. ఫుట్ స్పా గురించి మాత్రం ఆకుపచ్చ అక్షరాల్లో ఉంది.

సూ. 3. ‘సరైన పాదరక్షలు ధరించండి.’

సరైనవి అనగా సరిపోయేవి. సరిపోయేవి అనగా సరైనవి. ఇంతకు మించి మూలం లోతుకు పోదు. బొమ్మలోని కాళ్లకు చెప్పులు లేకపోవడం మూలవిరోధం.

వెల్లూరులో కుష్ఠురోగులకు వైద్యం చేసిన పాల్ బ్రాండ్, వాళ్ల పాదాలు పుండ్లు పడేది రోగం కొరికేసి కాదనీ, నొప్పి తెలియక అదేచోట పదేపదే పడే ఒత్తిడి వల్లననీ పట్టుకున్నాడు. షుగరు పాదానికీ అదే న్యాయం. కుష్ఠురోగుల కోసం వాడుకలోకి వచ్చిన మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు ఇప్పుడు షుగరువాళ్లకూ ఇస్తున్నది అందుకే. కరపత్రం ఆ మూడక్షరాలు చెప్పి ఉంటే ఈ సూత్రానికి నేను దండం పెట్టేవాణ్ని.

శంక: మనం చెప్పులు గుమ్మం బయట వదిలేస్తాం. రోజులో సగానికి పైగా గడిచేది ఇంట్లో ఒట్టి కాళ్లతో. గుడిలో మధ్యాహ్నపు బండలు కాలుతుంటాయి. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు చెప్పులుండవు. స్పర్శ లేని పాదం వీటికేం చేయాలి? సమాధానం: మూలం మౌనం. ఇంట్లోకి విడిగా ఒక జత చెప్పులుంచుకోమనీ, మాలధారణకు ముందు డాక్టరుకు ఒకసారి కాళ్లు చూపించమనీ, గురుస్వామితో చెప్పి మినహాయింపు అడగమనీ చెప్పవలసిన చోటు ఇదే. ఇక్కడి కాళ్లకు ఇక్కడి మాట చెప్పరెందుకు?

సూ. 4. ‘సమతులాహారం, చాలినంత నిద్ర, చెరగని చిరునవ్వు.’

ప్రక్షిప్తం. పళ్ల క్లినిక్కు ప్రతిలోనూ, జుట్టు మొలిపించేవారి ప్రతిలోనూ, కళ్లజోళ్ల దుకాణం ప్రతిలోనూ ఇదే పాఠం ఉంది. చిరునవ్వుకు ఔచిత్యం పళ్ల దగ్గరే గనుక పుట్టుక అక్కడిదని నా నిర్ణయం. వ్యాఖ్య అనవసరం.

సూ. 5. ‘అవసరమైతే నిపుణులను సంప్రదించండి.’

అన్యోన్యాశ్రయదోషం. అవసరమని తెలియాలంటే నిపుణుడు చూడాలి. నిపుణుడు చూడాలంటే అవసరం కలగాలి. నొప్పి ఉన్నవాడికి ఈ సూత్రమే అక్కర్లేదు, వాడే పరుగెత్తుకొస్తాడు. నొప్పి లేనివాడికే ప్రమాదం. వాడు ‘నొప్పేమీ లేదుగా’ అని ఆనెను బ్లేడుతో చెక్కుకుంటాడు, మందుల షాపులో కార్న్ క్యాప్ కొని అంటించుకుంటాడు, తిమ్మిర్లకు వేణ్నీళ్లలో కాళ్లు పెట్టి బొబ్బలెక్కించుకుంటాడు. పుండు పడి వాసన వచ్చేదాకా ‘అవసరం’ కలగదు. అప్పుడు వెళితే అడిగేది వేలా, పాదమా, మోకాలి కింది దాకానా అని.

ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2023లో వెలువడింది. దేశంలో షుగరున్నవాళ్లు 10 కోట్ల పైచిలుకని లెక్కగట్టింది. అవతారికలో వెతికిన అధికారి ఆ 10 కోట్లలో ఉన్నాడు. ‘అందరికీ’ అన్న మాటతో పోయింది ఆయనొక్కడే.

తాత్పర్యం

ఐదు సూత్రాల్లో రెండోది ఒక్కటే గ్రాహ్యం, అదీ సవరించాక. షుగరున్న చదువరులకు మనవి: ఈసారి రక్తపరీక్ష కాగితంతో డాక్టరు ముందు కూర్చున్నప్పుడు, ఆయన అడగకపోయినా చెప్పులు విప్పి రెండు అరికాళ్లూ చూడమనండి. ఏడాదికి ఒక్కసారైనా.