రెండు వందల యూనిట్ల యోగి

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఈ మధ్య ప్రబలిన గృహస్థ రకాలలో రెండు వందల యూనిట్ల యోగి ప్రత్యేకంగా పరిశీలించదగినవాడు. వేయి వాట్ల పరికరం గంటసేపు పనిచేస్తే ఖర్చయ్యే విద్యుత్తును యూనిట్ అంటారు. 2024 ఫిబ్రవరి 27న సచివాలయంలో ప్రారంభమై, ఆ సాయంత్రమే చేవెళ్ల సభలో మారుమోగిన గృహజ్యోతి పథకం వల్ల, అర్హత గల ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా వస్తుంది. ఆ సున్నాయే యోగికి ఇలవేల్పు.

బ్రిటన్‌లో గృహస్థుడు నచ్చిన సంస్థను ఎంచుకుని, ఒప్పంద కాలమంతా మారని రేటుకు కరెంటు కొనుక్కోవచ్చు. ఇక్కడ ఆ బేరానికి తావు లేదు. వాడకం పెరిగేకొద్దీ మెట్లుమెట్లుగా రేటు పెరిగే స్లాబు పద్ధతి ఒక్కటే ఉంది. 2022లో అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం వాడకం 200 దాటిందంటే మొదటి యూనిట్ నుంచే రూ.5.10 చొప్పున, ఆపైన రూ.7.70 చొప్పున లెక్కకడతారు కనుక, 201వ యూనిట్ పుణ్యమా అని సున్నా కాస్తా రూ.1,027.70 అవుతుంది, ఇతర ఛార్జీలు అదనం. భూమ్మీద ఇంత ఖరీదైన యూనిట్ మరొకటి లేదని యోగి నిశ్చితాభిప్రాయం.

అందుచేత అతడు తెల్లవారగానే నోట్లో పళ్లపుల్లతో మీటరు ముందు నిలబడి, కనిపించిన అంకెను గోడ క్యాలెండరులో పాల లెక్క పక్కన రాసుకుంటాడు. ఆ నెల వాడకం 160 దాటితే గీజరుకు సెలవు. 180 దాటితే ఇస్త్రీ పెట్టె అటకెక్కి, చొక్కాలు పరుపు కిందికి చేరతాయి. చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలతో మొక్కుకుని, కోరిక తీరాక 108 చేయడం ఆనవాయితీ; నెలనెలా కోరిక తీరుతున్నందువల్ల యోగి మోకాళ్లు మాత్రం పై స్లాబులోకి వెళ్లిపోయాయి.

మారని రేటుకు దగ్గరి దారి ఇంటి కప్పు మీది సౌర ఫలకాలే. పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు రూ.78,000 రాయితీ ఉంది, ఒకసారి పెట్టుబడి పెడితే పాతికేళ్ల కరెంటును ఒకే ధరకు కొన్నట్టే. అయితే బిల్లే లేనివాడికి మిగిలేదేమిటన్నది ఒక శంక, పథకం ఆగిపోతే గతేమిటన్నది మరో శంక. అందువల్ల ఎండాకాలంలో ఫలకాలు కావాలని, వానాకాలంలో ఎండ లేదని, చలికాలంలో అవసరం లేదని తీర్మానించి, అతడు నిర్ణయాన్ని మళ్లీ ఎండాకాలానికి వాయిదా వేస్తాడు.

రీడింగు నాడు 193 యూనిట్లు తేలినప్పుడు ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది గాని, యోగి ముఖం వాడిపోతుంది: ఉచితంగా రావలసిన ఏడు యూనిట్లు వాడకుండానే పోయాయన్నది అతడి దిగులు. నెలంతా విసనకర్రతో గడిపిన తల్లి మాత్రం, "గా ఏడు యూనిట్లు ముందుగాల్నే జెప్తె ఫ్యాన్ ఏసుకుందును గద బిడ్డా" అని గోడవైపు తిరిగి పడుకుంటుంది.