నీళ్లు తిరగడం లేదు

చలికాలం వచ్చిందంటే నర్సీపట్నం మీదుగా లంబసింగికి కార్లు బారులు తీరతాయి. తెల్లవారుజామున మంచు చూసి, స్ట్రాబెర్రీ తోటలో ఫొటో దిగి, మధ్యాహ్నానికల్లా కిందికి వచ్చేస్తారు. దారిలో భోజనానికీ పడకకీ చోటు చూపించినవాడిదే రాజ్యం. ఈ లెక్క మా పెద్దబావ ముందే పట్టుకున్నాడు. చింతపల్లి రోడ్డుకి కాస్త లోపలగా జీడితోట కొని, నాలుగు గదుల గెస్ట్‌హౌస్ కట్టాడు.

చిక్కల్లా ఎండాకాలంతోనే. మంచు లేకపోతే ఇటువైపు ఎవడొస్తాడు? స్విమ్మింగ్ పూల్ పెడితే మే నెలలో కూడా గదులు నిండుతాయని విశాఖలో ఎవరో చెప్పారట. పెట్టేశాడు. పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, నీలంరంగు పలకలు. దానికోసం లోతుగా కొత్త బోరు కూడా దించాడు. సలహా మంచిదే. గదులు నిండాయి.

మే నెలలో ఓ పొద్దున్నే ఫోను. "ఒరేయ్, మోటారు తిరుగుతోంది, నీళ్లు తిరగడం లేదు. ఆదివారం పుట్టినరోజు పార్టీ ఉంది. ఊళ్లో మంచి మెకానిక్ ఎవరైనా ఉంటే వెంటబెట్టుకుని రా."

పూల్ కట్టిన కాంట్రాక్టరు అప్పటికే విశాఖ నుంచి ఫోన్లో వైద్యం చేసి ఉన్నాడు. జల్లెడ బుట్ట కడగమన్నాడు, కడిగారు. ఇసక ఫిల్టరుకి బ్యాక్‌వాష్ ఇవ్వమన్నాడు, ఇచ్చారు. మూతకింద ఓ-రింగుకి గ్రీజు రాయమన్నాడు, అదీ రాశారు. మోటారు హోరుమంటూనే ఉంది. నీళ్లు తిరిగి వచ్చే రంధ్రాల దగ్గర మాత్రం బుడగలు తప్ప ఏమీ లేవు.

పెదబొడ్డేపల్లిలో మోటార్లకి వైండింగ్ కట్టే మేస్త్రిని తీసుకెళ్లాను. వ్యవసాయపు మోటార్లతో తల నెరిసిన మనిషి. పూల్ పంపు చూడడం అదే మొదలు. అయినా నీళ్లు పీల్చే యంత్రాలన్నీ ఆయన లెక్కలో ఒకటే జాతి. ముందు మోటారు వెనక ఫ్యాను ఎటు తిరుగుతోందో చూశాడు. త్రీఫేజ్ మోటారు కదా, లైనుమన్లు తీగలు విప్పి కలిపేటప్పుడు రెండు ఫేజులు తారుమారైతే వెనక్కి తిరుగుతుంది. అప్పుడు మోత మామూలుగానే ఉంటుంది, నీళ్లే సరిగా రావు. ఫ్యాను బాణం గుర్తు వైపే తిరుగుతోంది. గేజీ చూశాడు. ఫిల్టరులో మురికి పట్టి ఉంటే ముల్లు పైకెక్కి కూర్చోవాలి. ఇది కిందే పడి ఊగులాడుతోంది.

"జబ్బు పీల్చుకునే వైపుంది బాబూ," అన్నాడు.

బుట్టకున్న గాజుమూతలోంచి చూస్తే లోపల సగమే నీళ్లు, అవీ సలసల మరుగుతున్నట్టున్నాయి. ఎక్కడో గాలి లాగుతోంది. అతుకులన్నిటి మీదా సబ్బునురగ పూసి చూశాడు. చిల్లుంటే నురగ లోపలికి పోవాలి. ఎక్కడా పోలేదు. పొలంలో అయితే గొట్టంలో పేడనీళ్లు పోసి, అతుక్కి సైకిలు ట్యూబు చుట్టి, ఈపాటికి ఏదో ఒకటి తేల్చేసేవాడు. ఆ నీలం పలకలు చూసి పేడమాట ఎత్తడానికి మొహమాటపడ్డాడనుకుంటాను.

ఇంతలో గోడవైపు నుంచి గుర్రుగుర్రుమని చప్పుడు వినబడింది. పైన తేలే చెత్తని లాక్కోవడానికి గోడలో ఓ మూతి ఉంటుంది, స్కిమ్మరంటారు. నీటిమట్టం దాని సగానికి ఉండాలి. ఇక్కడ మూతికంటే కిందికి దిగిపోయింది. అడుగునుంచి లాగే గొట్టం కూడా ఉంది గాని, దాని వాల్వు బిగుసుకుపోయి కదలడం లేదు.

"మోటారుకి రోగం లేదు. తొట్టిలో నీల్లు తగ్గి గాలి తాగుతోంది. ఇలాగే ఆడిస్తే సీలు మాడిపోద్ది."

రాత్రంతా బోరు ఆడించి పూల్ నింపారు. బ్రహ్మాండంగా తిరిగింది. రెండు రోజులకి మళ్లీ గుర్రు.

బావ కాంట్రాక్టరుని ఫోన్లో ఉతికి ఆరేశాడు. నాసిరకం పని, గోడ కారుతోంది, కోర్టుకి ఈడుస్తానన్నాడు. అవతలివాడు ఎండకి ఆవిరైపోతోందన్నాడు. మేస్త్రి ఇద్దర్నీ నమ్మలేదు. మండే ఎండలో కూడా రోజుకి సెంటీమీటరు లోపే ఆవిరవుతుంది. ఇది రాత్రికి రాత్రే నాలుగు దిగుతోంది. తేల్చుకోడానికి మార్గం ఒకటుంది. బకెట్టు నిండా పూల్ నీళ్లే పట్టి, బరువుకి రాయి వేసి, పూల్‌లో పై మెట్టు మీద పెట్టాలి. లోపలి మట్టానికొక గీత, బయటి మట్టానికొక గీత. తెల్లారేసరికి రెండూ సమానంగా దిగితే ఎండ, బయటిది ఎక్కువ దిగితే కారుతున్నట్టు. ప్రపంచమంతా చేసే పరీక్షే. ఖర్చు లేనిది కాబట్టి బావకీ నచ్చింది.

సాయంత్రం వాచ్‌మేన్ అలవాటు ప్రకారం మందు వేశాడు. గాజుగొట్టంలో నీళ్లు పట్టి, రెండు చుక్కలు ద్రావకం వేసి, పసుపురంగు తేలేదాకా చూసి బావకి చూపించాడు. ఇలాంటి పూల్‌లో లీటరుకి ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంచమంటారు. తాగే నీళ్లలో 0.2 మిగిలితే చాలు. ఆ పసుపురంగు విషయంలో బావ చాలా పట్టుదల మనిషి. గెస్టుల పిల్లలు ఓ గుక్క మింగేసినా మాట రాకూడదంటాడు.

తెల్లారి వెళ్లి చూశాం. బకెట్టు మెట్టు మీద లేదు. గట్టు మీద శుభ్రంగా తొలిచి బోర్లించి ఉంది. పక్కనే రాయి.

మేస్త్రి బకెట్టు వంక చూసి, గోడ మీది గీత వంక చూశాడు. "తొట్టికి చిల్లుంటే బకెట్టులో నీల్లెలాగ పోతాయి బాబూ?" అన్నాడు. నాలుగు సెంటీమీటర్లంటే రెండువేల లీటర్లు, అంటే సుమారు వంద బిందెలు అని వేళ్లమీద లెక్కకట్టాడు. తన కూలి మాత్రం పూర్తిగా పుచ్చుకుని బండెక్కి వెళ్లిపోయాడు.

కంచె తీగ ఓచోట వంగి ఉంది. దానికింద ఎర్రమట్టిలో తడి చారలు ఇంకా ఆరలేదు. అవి పల్లెవైపు పోతున్నాయి. అక్కడ ఉన్నది ఓ ఇరవై గడప. ఊరుమ్మడి బోరింగు మార్చినుంచి గాలే కొడుతోందని అప్పుడే తెలిసింది నాకు. 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం తాగునీటి బోరింగుకి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా బోరు వెయ్యకూడదు. ఈ బోరుకీ ఆ బోరింగుకీ మధ్య టేపు పట్టుకున్నవాడు లేడు.

బావ వాచ్‌మేన్ మీద విరుచుకుపడ్డాడు. "కాపలాకి పెడితే నువ్వే దొంగల్ని రానిస్తావా? పోలీసుల్ని పిలుస్తాను!" వాడు తలెత్తలేదు. వాడి తల్లి మాత్రం పాకలోంచి వచ్చి నిలబడింది.

"ఆడినేటీ అనకండి బాబూ. పట్టుకెల్లింది మేమే."

"అడగొచ్చు కదా?"

"ఉగాదికి అడిగాం. సూద్దాం అన్నారు. మీ బోరు గదికేమో తాళం."

బావ ఓ క్షణం తడబడి, దారి మార్చాడు. గొంతులో కోపం తగ్గి జాలి వచ్చింది. "పిచ్చిదానా, అవి తాగే నీళ్లా? జనం పొర్లాడిన నీళ్లు! అందులో మందు కలుపుతాం, తెలుసా?"

"తెలుసు బాబూ. కలిపేది మావోడే గదా. మందు ఉందనే పట్టుకెల్తన్నాం. గెడ్డలో నీల్లు తాగితే గుంటలకి ఇరోసనాలు, జెరాలు. మందేసిన నీల్లయితే రావని ఆశమ్మ సెప్పింది. నిజమే, ఈ తొట్టి నీల్లు మొదలెట్టాక ఒక్కడు కూడా ఆస్పత్రి మొకం సూడలేదు."

బావ నోరు తెరిచాడు గాని మాట రాలేదు. ఆవిడే అడిగింది, కరెంటాఫీసులో కరెంటెప్పుడొస్తుందని అడిగే వినియోగదారు గొంతుతో:

"మరి మోటారెప్పుడు బాగు సేయిత్తారు బాబూ? నీల్లు తిరగక వాసనొత్తన్నాయి. గుంటలు తాగనంటన్నారు."