గులాబీకి ఆధార్ అడగరు

వేప్పనపల్లి ఆడమనిషి ఆఫీసు పని మీద బెంగుళూరు పోవాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ బస్సు ఎక్కాలని కాదు, తాను ఏ రాష్ట్రపు ఆడదని. కృష్ణగిరి దాకా టౌన్ బస్సుంది. 2021 మే నుంచి తమిళనాడు టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు, నీదే ఊరని అడిగేవాళ్ళూ లేరు. కుప్పం వైపు పోయి రైలెక్కుదామంటే అది ఆంధ్ర. అక్కడా బస్సు 2025 ఆగస్టు 15 నుంచి ఉచితమే, ఆంధ్ర అడ్రసు ఉన్న ఆడవాళ్ళకు. బెంగుళూరులో 2023 జూన్ నుంచి శక్తి పథకం, కర్ణాటక అడ్రసు ఉన్న శక్తులకు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం నేర్చిన నేను మూడు ప్రభుత్వాల మహిళాభ్యుదయం నడుమ చిల్లర లెక్కపెట్టుకుంటాను.

సిటీ బస్సులో కండక్టరు ఆడవాళ్ళందరికీ సున్నా టికెట్లిస్తూ వచ్చి నా కార్డు అందుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అక్షరాలు తమిళం. "ఇదు ఆగల్లమ్మా" అన్నాడు. ఎందుకాగదని కన్నడంలోనే అడిగాను. పక్కసీటావిడ మెచ్చుకుంటూ, "ఇంత బాగా మాట్లాడతారు, అడ్రసు మార్పించుకోకూడదా?" అంది. మారుస్తాను తల్లీ, ఊరిని కూడా ఎత్తుకొస్తాను, ఎక్కడ దించమంటావో చెప్పు.

ఎలక్ట్రానిక్స్ సిటీ నుంచి దాదాపు పది కిలోమీటర్ల ఫ్లైఓవరు 2010లో తెరిచారు. పైన రివ్వున పోయి సిల్క్‌బోర్డు దగ్గర దిగి నిలబడిపోవడానికి బాగా పనికొస్తుంది. అక్కడ బస్సు కదిలేలోపు పట్టుపురుగైతే గూడు కట్టి, చీరై, పెళ్ళికి కూడా పోయొచ్చేది. బొమ్మసంద్ర దాకా మెట్రో వచ్చిందిగా అంటారు. వచ్చింది, 2025 ఆగస్టులో. హోసూరుకు పొడిగించే మాట మాత్రం మాటగానే ఉంది. బొమ్మసంద్ర దాటితే అత్తిబెలె, ఆపైన సరిహద్దు. పాపం రైలుకూ రెండో రాష్ట్రపు అడ్రసు లేదు.

పోయిన ఆఫీసు పేరెందుకు గానీ, గేటు దగ్గర సెక్యూరిటీ అతను యాప్‌లో పేరు కొట్టమన్నాడు. మా తమిళనాడు కాగితాల్లో పేరు ముందు ఒక ఇనీషియలే ఉంటుంది, ఇంటిపేరుండదు. యాప్ ఒప్పుకోలేదు, ఇంటిపేరు లేనిదే లోపలికి రానీయనంది. కడుపు మండి 'వేప్పనపల్లి' అని కొట్టాను. ఓటీపీ గడువు దాటాక వచ్చింది. మళ్ళీ కొట్టాను. చివరికి మెడలో కార్డు పడింది. ఆ పూటంతా రిసెప్షన్ అమ్మాయి నుంచి కాఫీ తెచ్చిన అబ్బాయి దాకా "మిస్ వేప్పనపల్లి" అనే పిలిచారు. కిరీటమొక్కటే తక్కువ.

నేను కలవాల్సిన సారు ఆఫీసులో లేరు. అద్దాల గదిలో కూచోబెట్టి గోడమీద టీవీ వేశారు. అందులో సారు, బనీను మీద చొక్కా తొడుక్కుంటూ. "ట్రాఫిక్ ఘోరం మేడమ్, అందుకే ఇంటి నుంచే" అన్నారు. ఇల్లెక్కడ సార్ అంటే కోరమంగళ అన్నారు. అంటే మా బస్సు పాతుకుపోయిన సిల్క్‌బోర్డుకు కూతవేటు దూరం. చెయ్యి ఊపి ఉంటే అక్కడే మీటింగు అయిపోయేది! సంతకం పెట్టాల్సిన కాగితం టీవీకి ఎదురుగా పట్టుకుని చూపించాను. స్కాన్ చేసి పంపమన్నారు. ఆ పని వేప్పనపల్లి జెరాక్సు కొట్లో కూడా అవుతుంది.

ఆ గదిలో బల్లమీద ఎర్రగులాబీలు గాజుకూజాలో నిగనిగలాడుతున్నాయి. హోసూరు తోటలవేనేమో. మా వైపు పువ్వులు, టమాటాలు, మామిడికాయలు, గ్రానైటు బండలు తెల్లారేసరికి ఈ నగరంలోకి వచ్చేస్తాయి. వాటిని నీ అడ్రసేదని ఎవరూ అడగరు, ఇంటిపేరు కొట్టమనరు. పండించిన మనిషి వెనకాలే వస్తేనే నిబంధనలు గుర్తొస్తాయి.

ఇక కష్టాలు తీరిపోతాయట. హోసూరు దగ్గర 2,000 ఎకరాల్లో, ఏటా మూడు కోట్లమంది ఎక్కి దిగేంత విమానాశ్రయం కడతామని 2024 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. సంతోషం. జిల్లా కేంద్రం కృష్ణగిరికి మాత్రం ఈనాటికీ రైలు లేదు. తిరుపత్తూరు నుంచి ఒక బుల్లి రైలు వచ్చేది, దాని పట్టాలు రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పీకేశారు. యుద్ధం అయిపోయిన సంగతి ఢిల్లీకి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేరు.