పైకప్పు ఖర్చు

అమెరికా వచ్చే అమ్మానాన్నలు మామూలుగా మే నెలలో దిగుతారు, చలి మొదలవగానే విమానం ఎక్కేస్తారు. ట్రాయ్‌లో కిరాణా కొట్టు నడిపే మా మిత్రుడి నాన్నగారు మాత్రం అక్టోబరు మొదటివారంలో దిగారు. డెట్రాయిట్ శివారు అది. ఇంకో రెండు నెలలు పోతే ఊరంతా గడ్డకట్టి కూర్చుంటుంది.

"అందరి పిల్లలూ ఎండాకాలంలో రమ్మంటారు బాబూ. మావాడు మాత్రం ఆకులు రంగు మారేటప్పుడు రా నాన్నా, చూసి తీరాలి అన్నాడు. టికెట్టు కూడా వాడే తీసి పంపాడు" అని కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పుకున్నారాయన. అంతకుముందు కొడుకు ఒక్కసారీ పిలవలేదన్న సంగతి మాకందరికీ తెలుసు. అందుకే ఆ సంబరం చూసి మేమూ సంతోషపడ్డాం.

ఆ సెప్టెంబరులోనే కొట్టున్న బిల్డింగు పైకప్పు చూడ్డానికి రూఫర్ వచ్చి వెళ్ళాడు. బిల్డింగు మా మిత్రుడిదే. కొట్టు పక్కన ఒక సెలూను, ఒక పిజ్జా షాపు అద్దెకున్నాయి. అక్కడ ఇళ్ళకి ఏటవాలు కప్పులు గానీ, ఇలాంటి కొట్లకి చాలావరకు మన డాబాల్లాగే చదును కప్పు. పైన నల్లటి రబ్బరు షీటు, నీళ్ళు పోవడానికి నాలుగు డ్రెయిన్లు, వాటి మీద జాలీ మూతలు. రాలిన ఆకులు ఆ జాలీలకి అడ్డం పడ్డాయా, వాన నీళ్ళు నిలిచిపోతాయి. వెయ్యి చదరపు అడుగుల మీద అంగుళం నీళ్ళు నిలిస్తే రెండు టన్నుల పైచిలుకు బరువు. అవి గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బి, షీటు అతుకుల్ని విప్పుతాయి. పగలు కరగడం, రాత్రి మళ్ళీ గడ్డకట్టడం. మార్చి వచ్చేసరికి కింద బియ్యం బస్తాల మీద టపటపా చుక్కలు.

డ్రెయిన్లు బాగుచేసి, అతుకులకీ ఏసీ యూనిట్ల చుట్టూ సీలెంటు పెట్టడానికి 1,800 డాలర్లన్నాడు రూఫర్. మా మిత్రుడు మొహం చిట్లించేసరికి, 1922 జనవరిలో వాషింగ్టన్‌లోని నికర్‌బాకర్ థియేటర్ చదును కప్పు మంచు బరువుకి కూలి 98 మంది చనిపోయిన కథ కూడా చెప్పాడట.

"వందేళ్ళ కిందటి శవాల్ని చూపించి డబ్బడుగుతున్నాడన్నా" అని నా దగ్గర వాపోయాడు మా మిత్రుడు. అతని కొట్టు లెక్కలు చూసేది నేనే. ఖర్చు మాట వస్తే ముందు నాకే మొర.

పెద్దాయన బందరు కాలువ మీద లస్కరుగా చేసి రిటైరయ్యారు. కాలువ కట్టేసిన రోజుల్లో పూడిక, నీళ్ళొదిలాక తూముల దగ్గర గుర్రపుడెక్క. ఉద్యోగమంతా వీటితోనే గడిచింది. వచ్చిన వారానికి కొడుకు, "ఊరికే కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి నాన్నా, కాస్త పైకెళ్ళి చూడు" అన్నాడు. ఆయన నిచ్చెనెక్కి చూసి, "ఓస్, ఇది తూమేగా!" అన్నారట.

నవంబరులో ఒకరోజు నేనూ పైకెక్కాను. పెద్దాయన కోతిటోపీ, కొడుకు పాత జాకెట్టు వేసుకుని ఉన్నారు. పక్కన కొట్లో అమ్మే కొబ్బరిపుల్లల చీపురు. (అది అమ్మకానికున్న సరుకని కొడుకు గుర్తుచేశాడట. దాంతో ఆ ఒక్కదాన్నే మొండి కట్టెయ్యేదాకా వాడారు.) జాలీ తీసి పక్కన పెట్టి, మోచేతిదాకా చెయ్యి లోపలికి పెట్టి, కుళ్ళి ముద్దయిన ఆకుల్ని పిడికిళ్ళతో బకెట్లో వేస్తున్నారు. తర్వాత నీళ్ళు పోసి, డ్రెయిన్ మీదికి వంగి చెవి పెట్టారు. "ఆఁ, గొంతు దిగింది" అన్నారు. అతుకుల వెంట బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్ళి, లేచినట్టున్న చోటల్లా సుద్దముక్కతో గీత గీసి, సీలెంటు పిండారు. పార మాత్రం పైకి తేనివ్వలేదు, ఇనుము తగిలితే రబ్బరు చిరుగుతుందని.

"మేపుల్ మంచిది బాబూ, ఒక్కసారే రాల్చేస్తుంది. ఓక్ మొండిది. అది రాల్చేదాకా నేను దిగడానికి లేదు" అని నవ్వారు.

జనవరిలో మంచు ఒకసారి కరిగినప్పుడు రోడ్డుకి అవతల ప్లాజాలో రెండు కొట్ల సీలింగు పలకలు ఊడిపడ్డాయి. ఇక్కడ చుక్క లేదు. సంక్రాంతికి పెద్దాయన మా ఇంటికి భోజనానికొచ్చారు. అరిసె తుంచుతుంటే చూశాను, గోళ్ళ సందుల్లో సీలెంటు నలుపు ఇంకా వదల్లేదు.

"మంచు కరిగేదాకా ఉండాల్సిందేనంటున్నాడు. నన్ను వదిలి ఉండలేకపోతున్నాడు పిచ్చి సన్నాసి" అన్నారు మురిసిపోతూ.

మార్చిలో పన్నుల కోసం కొట్టు ఫైలు నా దగ్గరికొచ్చింది. 'రిపేర్లు, మెయింటెనెన్స్' పద్దు కింద రూఫుకి 1,340 డాలర్లు రాసి ఉంది. ఎవరితో చేయించాడో చూద్దామని బిల్లు తీశాను. గుచ్చి ఉన్నది విమానం టికెట్టు రసీదు. హైదరాబాదు నుంచి డెట్రాయిట్, రానూ పోనూ. ప్రయాణికుడు పెద్దాయన.

కాగితాలు తారుమారయ్యాయేమోనని ఫోన్ చేశాను.

"లేదన్నా, అదే. ఆ పద్దు కదపకు" అన్నాడు. "వచ్చే అక్టోబరుది కూడా ఇప్పుడే బుక్ చేసేశా. ఇంకా చవగ్గా పడింది."