గేరుబాక్సు ఆటవెలదికి టీకాతాత్పర్యము

ఆటోనగరు మేస్త్రీలు వచనమునందే మాటలాడుదురు. ఆ వచనమున ఛందస్సు లేకున్నను శాస్త్రము పుష్కలముగ నుండును. ఆటోమేటిక్ గేరుబాక్సు గల కారులో వేగమును కనిపెట్టు సెన్సరు చెడినట్లు తోచినప్పుడు ఏమి చేయవలెనో, అంతకంటె ముఖ్యముగ ఏమి చేయరాదో, విజయవాడ షెడ్లలో పెద్ద మేస్త్రీలు బండి క్రిందినుండి శిష్యులకు అరచి చెప్పు మాటలను కూడబెట్టి, పఠనసౌకర్యమునకై ఒక ఆటవెలదిగా గ్రుచ్చితిని. తన పద్యమునకు తానే టీక వ్రాసికొనుట మర్యాద కాదని పెద్దలు ఆక్షేపింపవచ్చును; కాని అర్థమంతయు మేస్త్రీలది, నావి గణములు మాత్రమే కనుక ఆ ఆక్షేపము నన్నంటదు.

ముల్లు నిలిచె, గేరు మూడింట నిలిచెను,
దీప మొకటి వెలిగె, దిగులు వలదు;
తీగ చూడు మొదట, తీయకు సెన్సరు,
కోడు దాని పేరు గొనదు సుమ్ము!

ప్రతిపదార్థము: ముల్లు = స్పీడోమీటరునందలి సూచి; నిలిచె = బండి పరుగెత్తుచుండగనే సున్నయొద్ద కదలకుండెను; గేరు = పండ్లచక్రముల యమరిక; మూడింట = మూడవ స్థానమున; నిలిచెను = స్థిరపడెను; దీపమొకటి = ఇంజను బొమ్మ గల పసుపుపచ్చ దీపము; వెలిగె = ప్రకాశించెను; దిగులు వలదు = చింత కూడదు; మొదట = అన్నిటికంటె ముందు; తీగ = సెన్సరునుండి కంప్యూటరువరకు పోవు వైరును; చూడు = పరీక్షింపుము; సెన్సరు = వేగగ్రాహియగు పరికరమును; తీయకు = ఊడదీయకుము; కోడు = స్కానరు చూపు సంఖ్య; దాని = ఆ సెన్సరుయొక్క; పేరు గొనదు = నామమును దోషిగా పేర్కొనదు; సుమ్ము = నిశ్చయము.

తాత్పర్యము: ఓ శిష్యుడా, స్కానరు చూపిన సంఖ్యను నమ్మి స్పానరు పట్టకుము.

ఇక విశేషములు. ఆటోమేటిక్ గేరుబాక్సునందు వేగమును గ్రహించు సెన్సర్లు సామాన్యముగ రెండుండును. ఇంజను బలము టార్క్ కన్వర్టరు గుండ వచ్చి లోపల ప్రవేశించుచోట తిరుగు షాఫ్టు వేగమును ఒకటి చెప్పును. ఆ బలము చక్రములవైపు వెడలిపోవుచోట తిరుగు షాఫ్టు వేగమును రెండవది చెప్పును. మొదటిదానిని రెండవదానిచేత భాగింపగా వచ్చునది గేరు నిష్పత్తి. లోపలి షాఫ్టు నిమిషమునకు 2800 చుట్లును, వెలుపలి షాఫ్టు 1000 చుట్లును తిరుగుచున్నచో నిష్పత్తి 2.8, మొదటి గేరు నిష్పత్తి అంతయే యగుచో అంతయు సవ్యము, లేనిచో లోపల క్లచ్చు పలకలు జారుచున్నవి. ఈ భాగహారమును గేరుబాక్సు కంప్యూటరు రెప్పపాటు కాలమున పలుమార్లు చేయుచుండును. ఎప్పుడు గేరు మార్చవలెనో, ఎంత ఒత్తిడితో మార్చవలెనో తేల్చుటకు దానికి గల ప్రధానాధారములలో ఈ రెండంకెలును చేరును. పూర్వము అంబాసిడరు కార్లలో గేరుబాక్సునుండి మీటరునకు ఒక కేబులు పోవుచుండెడిది. అది తెగినచో ముల్లు పడిపోయెడిది, అంతకుమించి ఎవ్వరికిని ఏమియు కాకపోయెడిది. ఆ కారునకు టీక అక్కఱలేదు.

'నిలిచె', 'నిలిచెను' అని ఒకే పాదమున రెండుమార్లు వచ్చుటచే పునరుక్తిదోషము కలిగినదని తొందరపడరాదు. క్రియ యొకటియే యైనను కారణములు భిన్నములు. ముల్లు నిలుచుట సమాచారము లేక. గేరు నిలుచుట వివేకముచేత. వెలుపలి షాఫ్టు వేగము తెలియనప్పుడు ఊహించి గేర్లు మార్చుట ప్రమాదకరమని యెఱిగి కంప్యూటరు సోలినాయిడ్లకు విద్యుత్తును నిలిపివేయును. విద్యుత్తు లేనప్పుడు నూనె ఒత్తిడి ఒక్కటియే మిగిలి గేరుబాక్సును ఏదో యొక గేరునందు నిలుపునట్లు నిర్మాతలు ముందుగనే అమర్చియుందురు. నాలుగు గేర్ల పెట్టెలు పెక్కింట అది మూడవది, కొన్నింట రెండవది. అందుచేతనే బండి నిలిచినచోటినుండి కదలుటకు మూలుగును, యజమాని 'పికప్ పోయింది, బండి ఎత్తుకోవట్లేదు' అని వాపోవును. అతనికి రోగముగ తోచునది వాస్తవమునకు పథ్యము. బండి మెల్లగ షెడ్డు చేరుటకే యా ఏర్పాటు గాని, అట్లే హైదరాబాదు పోయి వచ్చుటకు గాదు.

'దీప మొకటి' అనుటలో 'ఒకటి' వ్యర్థపదము గాదు. పసుపుపచ్చ దీపమొక్కటియే నిశ్చలముగ వెలిగినప్పుడే 'దిగులు వలదు' అను నభయము వర్తించును. ఎఱ్ఱదీపము తోడైనను, ఆ పసుపుపచ్చ దీపమే మిణుకుమిణుకుమని కొట్టుకొన్నను ఈ పద్యము చెల్లదు. ఇంజను మండవలసినట్లు మండక సైలెన్సరులోని క్యాటలిస్టును కాల్చివేయు స్థితికి మిణుకుట గుర్తు. అప్పుడు బండి నాపి వేఱొక పద్యమును వెదకికొనవలెను.

ఇప్పుడు కోడు. నాలుగవ పాదమున నున్నదానిని ముందుగ వివరించుట క్రమభంగమే. అయినను అర్థమునకు కీలకము అక్కడనే యున్నది. అమెరికాలో 1996 నాటినుండి కార్లన్నిటను, మన దేశమున 2013 ఏప్రిలునుండి కార్లకు వర్తించిన నిబంధనలచేతను, స్టీరింగు క్రింద పదునాఱు పిన్నుల సాకెట్టు గుండ స్కానరునకు తన దోషమును తానే చెప్పుకొను విద్య బండ్లకు అలవడినది. ఆ చెప్పుకొనుట సూత్రశైలి. 'పి 0720' అను నైదక్షరములయందు మొదటి యక్షరము బలమును పుట్టించి చేరవేయు యంత్రభాగమును, సున్న సర్వనిర్మాతృసామాన్యమగు నియమమును, ఏడు గేరుబాక్సును, ఇరువది యందలి ప్రత్యేకస్థానమును తెలుపును. ఇంత లాఘవము వైయాకరణులకును దుర్లభము. లోపలి షాఫ్టు సెన్సరునకు 0715. సంకేతము బొత్తిగ రానిచో 0717, 0722 అనునవి వేఱుగ గలవు.

ఇచ్చట పూర్వపక్షి లేచును. "కోడు దాని పేరు గొనదని మీ పద్యము, కాని పట్టిక విప్పి చూచినచో 0720 నకు ఎదుట 'అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్ సర్క్యూట్' అని స్పష్టముగ నున్నదే, సెన్సరు పేరు దానియందు లేదా?" అని యతని ప్రశ్న. ఈ పూర్వపక్షి ఊహాకల్పితుడు గాడు. స్కానరు గల ప్రతి షెడ్డులోను ఉన్నాడు, 'సార్, సెన్సర్ పోయిందండి, మార్చేద్దాం' అనుట అతని సిద్ధాంతము. సమాధానము వ్యాకరణమునందే యున్నది. సెన్సరు సర్క్యూటనగా సెన్సరుయొక్క సర్క్యూటు, షష్ఠీతత్పురుషము. తత్పురుషమున ఉత్తరపదమే ప్రధానము. రాజపురుషుని పిలుచుకొని రమ్మన్నప్పుడు సేవకుని వెంటబెట్టుకొని రావలెను గాని రాజును సింహాసనమునుండి దింపి తేరాదు. అట్లే కోడు దోషియని చూపినది సర్క్యూటును: సెన్సరు అందొక భాగము, దాని కప్లరు ఒక భాగము, గేరుబాక్సు వెనుకనుండి ఇంజను ప్రక్కగ ప్రాకిపోవు తీగలొక భాగము, వాని నేల కనెక్షను ఒక భాగము, తుదకు కంప్యూటరునందలి సందును ఒక భాగము. మెదకుసీమలోని కొల్చారమున వెలసిన కోలాచల మల్లినాథసూరి మూలమున లేనిదానిని వ్యాఖ్యానమున చేర్చనని ప్రతిజ్ఞచేసి పంచకావ్యములకు వ్యాఖ్యలు రచించెను. స్కానరు వ్యాఖ్యాతలు ఆ ప్రతిజ్ఞను దినమునకు పదిమార్లు భంగపఱచుచున్నారు. క్రొత్త సెన్సరు బిగించిన పిదపను ముల్లు లేవని బండ్లు ఆటోనగరులో కొల్లలుగ కనబడుట దీని ఫలమే.

తర్కసంగ్రహకర్తయగు అన్నంభట్టు తెలుగువాడగుటచే ఈ సందర్భమున హేత్వాభాసములను స్మరించుట మన విధి. 'గేరు మారునపుడు దెబ్బ కొట్టుచున్నది గనుక సెన్సరు చెడినది' అనుట సవ్యభిచారము. నూనె తగ్గినను, సోలినాయిడు బిగిసినను, బ్యాటరీ నీరసించినను దెబ్బ కొట్టును, హేతువు దారితప్పి తిరుగుచున్నది. 'ముల్లు పడిపోయినది గనుక' అనునది కొన్ని బండ్లయందు అసిద్ధము. ఇటీవలి కార్లు పెక్కింట మీటరునకు వేగము గేరుబాక్సునుండి గాక, బ్రేకుల కొఱకు చక్రములయొద్ద నమర్చిన సెన్సర్లనుండి పోవును. అదియే మేస్త్రీకి వరమగును: స్కానరులో చక్రముల వేగము నలువది కిలోమీటర్లని, గేరుబాక్సు వెలుపలి షాఫ్టు వేగము సున్నయని ఒకేమారు కనబడినప్పుడు, బండి నిలిచియున్నదన్న వాదము ప్రత్యక్షముచేత బాధితమై, దోషము ఈ సర్క్యూటునందే యున్నదని రూఢియగును. ఆ రెండు వరుసలను ప్రక్కప్రక్కన పెట్టి రోడ్డుమీద నడిపి చూడనివాడు స్కానరు కొన్న డబ్బు దండుగ.

'తీగ చూడు మొదట.' ఇది పద్యమునకు ప్రాణము. కప్లరును విప్పి వెలుతురున చూడవలెను. పిన్నులమీద పచ్చని చిలుము పట్టియుండవచ్చును. వానకాలమున నీరు చొచ్చిన బండ్లకిది సామాన్యము. లోపల ఎఱ్ఱని నూనె మెఱయుచుండవచ్చును. గేరుబాక్సు నూనె తీగ పొరలోపలనే సన్నగ ప్రాకి వచ్చి కప్లరులో నిలుచును. తీగ పొడవునను వ్రేలు పెట్టి తడుముకొనుచు పోయినచో పొగగొట్టమున కానిన చోట పొర కరగియుండవచ్చును. అన్నిటికంటె మించినది ఎలుక. పండుగకు ఊరికి పోయి, బండిని కదపక షెడ్డులో నుంచిన యజమాని తిరిగి వచ్చునప్పటికి ఎలుక తీగను పూర్తిగ తెంపినచో అది దయగలది. సగము కొఱికి విడిచినదే పాపిష్ఠిది, గుంతలో పడినప్పుడు మాత్రమే సంకేతము తెగును, మేస్త్రీ చూచునపుడు అంతయు సవ్యముగ నుండును. అట్టిచోట అన్వయవ్యతిరేకములే శరణ్యము. ఒకడు స్కానరు అంకెను చూచుచుండగా మఱియొకడు తీగను జానెడు జానెడుగ కదలించుచు పోవలెను. కదలించినప్పుడు అంకె పడిపోయి, విడిచినప్పుడు లేచినచో, చేయి ఉన్నచోటనే రోగమున్నది.

'తీయకు సెన్సరు' అనునది శాశ్వతనిషేధము గాదు, ఉన్నచోటనే పరీక్షింపుమని యర్థము. తీగలు రెండేయున్నచో అది సామాన్యముగ అయస్కాంతమునకు చుట్టిన తీగచుట్ట; 1831లో ఫారడే కనిపెట్టిన ధర్మముచొప్పున, ఎదుట పండ్లచక్రము తిరిగినప్పుడు తానే విద్యుత్తును పుట్టించును. చక్రమునకు నలువది పండ్లుండి షాఫ్టు నిమిషమునకు 1500 చుట్లు తిరిగినచో క్షణమునకు వేయి తరంగములు పుట్టును. వేగము హెచ్చినకొలది వోల్టేజియు హెచ్చును. తీగలు మూడున్నచో 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ప్రభావముపై నడచునది సామాన్యముగ. దానికి బయటినుండి విద్యుత్తు కావలెను, అది యిచ్చు సంకేతము ఉన్నది లేదన్నట్లు మెట్లుమెట్లుగ నుండును. చుట్ట గల రెండు తీగలదానికి మల్టీమీటరుతో ఓములు కొలువవచ్చును; కొన్ని వందలనుండి రెండు మూడువేలవరకు, ఆయా బండి గ్రంథము చెప్పినట్లుండవలెను. మూడు తీగలదానికి ఓములు కొలుచుట అర్థములేని పని. దానికి మొదట కరెంటు అందుచున్నదా, నేల కనెక్షను గట్టిగ నున్నదా యని చూచి, పిదప సంకేతపు తీగను చూడవలెను.

ఈ పరీక్షలో ఒక గుంట యున్నది. ముందు చక్రములు లాగు బండిని లిఫ్టుమీద నెత్తి, గేరును న్యూట్రల్‌లో నుంచి, మీటరు తగిలించి, ఒక చక్రమును చేతితో త్రిప్పుదురు. మీటరు కదలదు. 'చచ్చిందండీ' అని తీర్పు చెప్పుదురు. నిజమునకు డిఫరెన్షియల్ మహిమచే ఈ చక్రము ముందునకు తిరుగగా ఆవలి చక్రము వెనుకకు తిరిగినది. నడుమ షాఫ్టు కదలనేలేదు. కదలని షాఫ్టును కదలలేదని చెప్పిన సెన్సరు సత్యవాది; దానిని ఊడదీసి పాఱవేయుట అన్యాయము. రెండవ చక్రమును ఒక కుఱ్ఱవాడు గట్టిగ పట్టుకొని, మఱియొకడు త్రిప్పినప్పుడు మీటరులో అంకె లేచినచో దానికి బెయిలు దొరకినట్లే. చల్లగ నున్నపుడు సవ్యముగ నుండి, బండి అరగంట నడచి వేడెక్కిన పిదప లోపలి చుట్ట తెగిపోవు సెన్సర్లును గలవు. కనుక చల్లని తీర్పు తుదితీర్పు గాదు, వేడిమీద మఱల కొలువవలెను. ఇవన్నియు తేలినతరువాత దోషము దానిదే యైనచో, సామాన్యముగ దానిని పట్టియుంచు ఒక్క బోల్టును విప్పి తీయుడు, ఎవరు వలదనిరి? తీసినప్పుడు కొనను చూడవలెను. బురదవంటి సన్నని ఇనుపపొడి అయస్కాంతమునకు పట్టియున్నచో తుడిచి పెట్టవచ్చును. గోటివంటి ముక్కలు కనబడినచో సెన్సరు సంగతి మఱచి గేరుబాక్సు సంగతి యజమానితో మాటలాడవలెను.

మిగిలినది 'సుమ్ము'. పాదపూరణార్థమే యని కొందఱందురు. నేను గణములకొఱకే వేసితినని వారికి తెలిసియుండును. కాని మేస్త్రీ బండి క్రిందినుండి తల బయటికి పెట్టి, పది నంబరు స్పానరు చేతబట్టి సిద్ధముగనున్న కుఱ్ఱవానిని చూచి 'ఒరేయ్, ముందు వైరు చూడరా!' అన్నప్పుడు, ఆ 'ఒరేయ్' కును, తుది 'రా' కును కలిపి గ్రాంథికమున దొరకిన రెండక్షరములు అవియే.