కూర్మమండూకసూత్రములు – టీకాతాత్పర్యసహితము

అవతారిక. గృహప్రవేశమునకు విచ్చేసిన బంధువులు రంగుకాగితము చుట్టి చేతికిచ్చిన అట్టపెట్టెలో, బొమ్మ యడుగున, నాలుగు మడతలు పెట్టిన చిన్న కాగితమొకటి యుండును. దానిని చదువక పారవేయుట లోకాచారము. చదివినదే తడవుగా మంచములును బీరువాలును జరిపింప మొదలిడువారు కూడ గలరు. అట్టి యింట బీరువా కొకకొన పట్టవలసిన బావమరదులయందు దయ గలిగి, ఆ కాగితములలో తరచుగా కానవచ్చు విధులను నాలుగు సూత్రములుగా గూర్చి, వానికి టీకాతాత్పర్యములు రచింపబడుచున్నవి. శాస్త్రము చీనాదేశీయము. ఫెంగ్‌షుయ్ అని ప్రసిద్ధము.

మూలము. వెనుక తాబేలు, ముంగిట నీరు. తలుపున కెదురుగా మంచము వలదు. మరుగుదొడ్డి మూత మూయవలయును. మూడుకాళ్ల కప్ప లోనికి జూడవలయును.

టీక. వెనుక = ఉత్తరదిశయందు; తాబేలు = కొండ; ముంగిట = దక్షిణమున; నీరు = ఏరుగాని చెరువుగాని; ఉండవలయునని అధ్యాహారము.

తాబేలనగా కొండ యెట్లగునని శంక. సమాధానము: బీజింగు నగరము సుమారు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. అచట శీతకాలమున మంగోలియా మీదుగా వీచు గాలి యెముకలు కొరుకును. డిసెంబరు నెలాఖరున మిట్టమధ్యాహ్నము సైతము సూర్యుడు దక్షిణాకాశమున 27 డిగ్రీల యెత్తునకు మించి యెగబ్రాకడు. కావున ఆ దేశపు గృహస్థు ఉత్తరమునకు వీపు త్రిప్పి, వీలైనచో ఆ వీపునకు కొండ నాన్చుకొని, దక్షిణమునకు ముఖము పెట్టి, పల్లముగా వ్రాలిన యెండను వసారా దాటించి నడియింటిదాక రప్పించుకొనుట నేర్చెను. ఆ వెనుక కొండకు నల్లతాబేలనియు, తూర్పు మిట్టకు నీలి డ్రాగననియు, పడమటి మిట్టకు తెల్లపులి యనియు, ఎదుటి బయలునకు ఎఱ్ఱపక్షి యనియు శాస్త్రకారులు పేరులిడిరి. అనగా నీ నాలుగు జంతువులును భూమియొక్క మిట్టపల్లములే కాని బొమ్మలు గావు.

విశేషము. ఈ శాస్త్రమునకు ప్రామాణికమని చెప్పబడు గ్రంథములలో నొకటియైన జాంగ్‌షు, గువో పు (276–324) అను పండితుని పేర ప్రచారములో నున్నది. చీ అను ప్రాణశక్తి గాలికి చెదరిపోవుననియు నీటివద్ద నిలుచుననియు అందు చెప్పబడినది. అయితే ఆ గ్రంథము సమాధులను గూర్చినది. పితరుల యస్థికలు మంచిచోట నున్నచో సంతానమునకు మేలగునని దాని ప్రతిపాదన. గృహప్రవేశపు కానుకలోని కాగితమునకు వంశవృక్షము విచారించినచో మూలపురుషుడు శ్మశానముననే కూర్చుండియుండుట గమనింపదగును; కానుక యిచ్చిన పినతల్లిగారికి మాత్ర మీ సంగతి చెప్పవలదు.

కొండ నట్టపెట్టెలో బెట్టి యమ్ముట దుష్కరము. కావుననే కొండ గాజుపళ్లెములోని లోహపు తాబేలై యింట జొచ్చినది. ఏరు, ప్లగ్గు పెట్టిన తప్ప పారని బల్లమీది ఫౌంటెనైనది. కామెరూను ప్రాంతపు డ్రసీనా మొక్క వెదురు జాతికి చెందకపోయినను లక్కీ బాంబూ యను పేర పక్కన నిలిచినది.

పూర్వపక్షము. దక్షిణము యమస్థానము గదా, ముంగిలి యటు పెట్టుట యెట్లని మన వాస్తువాదులు. దక్షిణముఖపు స్థలమనగానే హైదరాబాదులో బేరము తగ్గించి యడుగుట ప్రత్యక్షప్రమాణము. సిద్ధాంతము: హైదరాబాదు 17 డిగ్రీలపై నున్నది, మే మాసమున సూర్యుడు నడినెత్తిన నిలుచును, కొండను అడ్డుపెట్టి తప్పించుకొనవలసినంత చలిగాలి యిచట లేదు. బీజింగు మండువా యిండ్లలో వీధివాకిలి ఆగ్నేయమూల నుంచి, లోపలికి సూటిగా చూడ వీలులేకుండ నడ్డుగోడ కట్టుదురు. మన పాతయిండ్లలో వీధిగుమ్మమున నిలిచినవానికి పెరటిలోని బావిగిలక కనబడవలెనని గుమ్మములన్నియు నొక వరుసలో నిలిపెడివారు. వారికి గాలి పగవాడు, మనకు చుట్టము. ఇంతమాత్రమునకే రెండు శాస్త్రములకును వైరము గలదనుట తొందరపాటు. వాస్తు ప్రకారము తూర్పుముఖపు ఫ్లాటు కొని, చీనాతాబేలును మన కుబేరస్థానమగు ఉత్తరమున బెట్టి, శుక్రవారము దానికి గూడ బొట్టు పెట్టు ఇల్లాండ్రు ఉభయవేదాంతసమన్వయమును మనకన్న ముందే సాధించిరి.

ఉదాహరణము. హాంకాంగులో ఐ.ఎం. పెయ్ నిర్మించిన బ్యాంక్ ఆఫ్ చైనా సౌధము 1990లో పూర్తికాగా, దాని కోణములు కత్తివాదరలవలె పొరుగిండ్ల మీదికి దూసియున్నవని జనులు గుసగుసలాడిరి. సమీపమున నున్న హెచ్‌ఎస్‌బీసీ భవనము నెత్తిన గల క్రేనులు, ఆ కత్తికి గురిపెట్టిన ఫిరంగులని నగరమున నేటికిని చెప్పుకొందురు. రెండు బ్యాంకుల పోటీని కత్తి, ఫిరంగి యను రెండు మాటలలో నిమిడ్చిన యీ ఉత్ప్రేక్షకు మన కావ్యములలో జోడు వెదకుట కష్టము. 2005లో తెరచిన అచటి డిస్నీలాండు వారు పండితుల సలహాపై ముఖద్వారమును 12 డిగ్రీలు త్రిప్పించిరి.

రెండవ సూత్రము. ఎదురు = పడుకొన్నవాని పాదములు గడప వంకనుండునట్లు. శవమును పాదములు ముందుగా వెలికి గొనిపోవుదురు గాన చీనీయులు దీనిని మృతశయ్య యందురు. కారణము హృదయమునకు తగులునదే. కాని అపార్టుమెంటులోని పదియడుగుల పడకగదిలో దీనిని వినియోగించి చూడుడు: ఒక గోడను వార్డ్‌రోబు మ్రింగినది, ఒక గోడ బాల్కనీ తలుపైనది, మూడవదానికి స్నానపుగది తలుపు, మిగిలిన నాలుగవ గోడకు ఇరువైపుల స్విచ్చిబోర్డులును, నెత్తిపై ఏసీయు బిగించి, మంచమిచటనే యని బిల్డరు ముందుగానే భాష్యము వ్రాసి పోయెను. ఆ గోడ తలుపున కెదురుగానే యుండును. బిల్డరు భాష్యము సూత్రముకంటె బలవత్తరము. వార్డ్‌రోబునకు నిలువుటద్దము కోరి బిగించుకొని, అది మంచమును జూచుచున్నదని రాత్రివేళ దానికి దుప్పటి కప్పువారి విషయమున టీకాకారుడు మౌనము వహించును.

మూడవ సూత్రము స్పష్టము. శాస్త్రము లేకున్నను మూయదగినదే. దేశవాళీ దొడ్డికి మూతయే లేదు గాన అచట నప్రసక్తము.

నాలుగవ సూత్రము. కప్ప = నోట నాణెము గఱచిన ఇత్తడి కప్ప; లోనికి = ఇంటిలోనికి. బయటికి జూచినచో ధనము బయటికి బోవునని సంప్రదాయము. మన యిండ్ల నిది తరచుగా చెప్పులస్టాండుపై నుండును. నాణెము విడిగా ఊడివచ్చునది గాన పిల్లలు దానిని క్యారమ్సులో స్ట్రైకరుగా వాడుదురు. దీని పుట్టుక చీనాకథలలో నిట్లున్నది: లియు హాయ్ అను సిద్ధుడు బంగారు నాణెముల దండను త్రాటికి గట్టి నూతిలోనికి వ్రేలాడదీయగా, ఆశపడిన మూడుకాళ్ల కప్ప దానిని గఱచి పైకి వచ్చి చిక్కినది. అనగా నీ కథయందు ధనమే కప్పను దెచ్చినది. కప్ప ధనమును దెచ్చుట యీ ఘట్టమున లేదు. బొమ్మల దుకాణమువారి శాఖయందు మాత్రము ఈ ఘట్టము పాఠములో లేదు.