కలెక్టరు గారు

డాలస్‌కు ఉత్తరాన తెలుగువాళ్లు పది ఇళ్లున్న ప్రతి వీధిలోనూ ఒక కలెక్టరు గారుంటారు. ప్రభుత్వం వేసిన కలెక్టరు కాదు. పగలంతా ఏదో బ్యాంకుకి డేటాబేసులు చూసుకునే మామూలు ఉద్యోగి. కానీ నోరు విప్పితే డిస్ట్రిక్టులు, కౌంటీలు, సరిహద్దులు, శిస్తులు తప్ప వేరే మాట రాదు కాబట్టి ఆ బిరుదు దానంతటదే వచ్చి అతుక్కుంటుంది. శనివారం భోజనాల్లో ఆయన్ని పోల్చుకోవడం తేలిక. గరాజు దగ్గర నలుగురి మధ్య నిలబడి, ఎడమ చేత్తో బిర్యానీ పళ్లెం పట్టుకుని, కుడిచేతి చెంచాతో గాల్లో గీతలు గీస్తుంటారు. ఆ గీతలు స్కూలు జోన్లు.

కొత్తగా వచ్చినవాళ్లను మనం మీదే ఊరు, ఏ జిల్లా అని అడుగుతాం. ఆయన అడిగేది, "ఏ ఐఎస్‌డీ తమ్ముడూ?" ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్టన్నమాట. టెక్సాస్‌లో బళ్లను ఊరి మున్సిపాలిటీ నడపదు. బడికి దాని బోర్డు దానికి, దాని పన్ను దానికి, దాని పొలిమేర దానికి. ఊరి గీతకీ బడి గీతకీ పొత్తు కుదరదు. వ్యాలీ రాంచ్‌లో చాలా ఇళ్లకు ఊరు ఇర్వింగు, బడి కొపెల్. ప్లేనో చిరునామా రాసుకుని ఫ్రిస్కో బడికి పోయే పిల్లలున్నారు. ఫ్రిస్కో ఊళ్లోనే నాలుగు డిస్ట్రిక్టులు కలుస్తాయి. ఇవన్నీ మనం ఇల్లు చూసుకునేటప్పుడు తెలుసుకుని, కొన్నాక మరిచిపోతాం. కలెక్టరు గారు మరిచిపోరు. ఏ చెట్టు దాటితే ఏ ఎలిమెంటరీయో ఆయన కారు ఆపకుండా చెప్పగలరు.

ఆ మధ్య ఒక కొత్త జంట ఆయన్ని సలహా అడగడానికి వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఆ అమ్మాయికి అయిదో నెల. మంచినీళ్లు కూడా ఇవ్వకముందే లాప్‌టాప్ తెరుచుకుంది. ఎక్సెల్ షీటులో వరసలు కుడివైపుకి జరుగుతూనే ఉన్నాయి. పదికి ఎంత రేటింగు, రాష్ట్రం ఇచ్చిన గ్రేడు ఏ నా బీ నా, పన్ను రేటు, మడ్ ఉందా లేదా, ఫ్రిస్కో హనుమంతుడి గుడికి ఎన్ని నిమిషాలు, కాస్ట్‌కోకి ఎన్ని నిమిషాలు, వాకిలి ఏ దిక్కు. మడ్ అంటే బురద కాదు. కొత్త కాలనీలకు నీళ్లూ మురుగు గొట్టాలూ వేసిన అప్పు తీర్చడానికి ఇంటి పన్ను మీద వేసే ఇంకో పన్ను. వినడానికి మాత్రం ఆ అబ్బాయి మొహం బురదలో కాలు పెట్టినట్టే అయింది.

"అన్నా, ఇంకా పాపాయి పుట్టలేదు" అన్నాడు మెల్లిగా.

"అదే నేననేది. ఇప్పటికే ఆలస్యమైంది తమ్ముడూ."

"మరి ఆలెన్ ఎలా ఉంటుందన్నా? మా టీం లీడు అక్కడే ఉంటాడు."

కలెక్టరు గారు కళ్లజోడు తీశారు. ఆలెన్ మాటెత్తితే ఆయన కళ్లజోడు తీస్తారు. ఆ ఊరి స్కూలు డిస్ట్రిక్టు 2012లో హైస్కూలు పిల్లల ఫుట్‌బాల్ కోసం దాదాపు 6 కోట్ల డాలర్లు పెట్టి 18 వేల మంది కూర్చునే స్టేడియం కట్టింది. రెండేళ్లు తిరక్కుండా కాంక్రీటు పగుళ్లిచ్చి మూసేసి, బాగుచేసి మళ్లీ తెరిచారు. "ఆ డబ్బుతో లెక్కల మేష్టార్లను ఎంతమందిని పెట్టచ్చు? సరస్వతీదేవికి కోపం రాదూ?" అన్నారాయన. ఆలెన్‌లో పిల్లలు చక్కగానే చదువుకుంటున్నారు. ఆ టీం లీడు పిల్లలైతే స్పెల్లింగ్ పోటీలకు కూడా వెళ్తున్నారు. అయినా షీటులో ఆ వరస ఎర్రగానే ఉండిపోయింది.

తర్వాత వాస్తు. ఈ విషయంలో ఆయన మూర్ఖుడు కాదు, న్యాయమూర్తి. తూర్పు వాకిలి ఇల్లేమో ఎనిమిది రేటింగు బడికి, పడమర వాకిలి ఇల్లేమో పది రేటింగు బడికి వస్తే ఏం చెయ్యాలి? తెలుగు కుటుంబాలు కొన్ని ఈ చిక్కు మీద నెలల తరబడి మాట్లాడుకోవడం మానేశాయి. ఆయన తీర్పు ఒక్క ముక్కలో చెప్పేశారు. "పడమరకి శాంతి ఉంది తమ్ముడూ. ఎనిమిదికి శాంతి లేదు." దక్షిణానికి మాత్రం అప్పీలు లేదు. వీధిపోటు సంగతి ఇక్కడి తెల్ల ఏజెంట్లకు కూడా తెలిసిపోయింది. రోడ్డు నేరుగా వచ్చి గుమ్మానికి తగిలే ఇల్లు మన మొహాలు చూసి వాళ్లే చూపించరు.

ఇదంతా అమెరికా వచ్చాక పట్టిన పిచ్చి అనుకుంటే పొరపాటు. ఆయన నాన్నగారు సత్తెనపల్లి దగ్గర పల్లెలో పొలం కౌలుకిచ్చి, పిల్లల చదువు కోసం గుంటూరు బ్రాడీపేటలో రెండు గదులు అద్దెకు తీసుకున్న మనిషి. తల్లి అక్కడ కిరోసిన్ స్టవ్వు మీద వండిపెడుతుంటే తండ్రి వారానికోసారి బియ్యం మూటతో బస్సు దిగేవాడట. ఏ సందులో ఉంటే ఏ ట్యూషన్ మేష్టారు దగ్గరో చూసి ఆ గదులు పట్టారు. అప్పుడు ఎంసెట్ ర్యాంకు, ఇప్పుడు స్కూలు రేటింగు. బడి ఎక్కడుంటే పొయ్యి అక్కడ రాజెయ్యాలని ఆ ఇంట్లో ఎవరికీ ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా ఆయనకు ఆ పల్లె నుంచే వచ్చింది. డాలస్ చుట్టుపక్కల నేల నల్లరేగడి. నిజంగానే మన గుంటూరు పత్తి చేలలో ఉండే రకం. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఆ కదలికకి ఇంటి పునాది స్లాబు పగులుతుంది, తలుపులు బిగుసుకుంటాయి. అందుకని ఇక్కడ వేసవిలో ఇంటి చుట్టూ చిల్లుల గొట్టం పరిచి పునాదికి నీళ్లు పెడతారు. కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు ఈ మాట వింటే మొదట నవ్వుతారు. కలెక్టరు గారు నవ్వలేదు. మొదటి వేసవిలోనే వంగి ఒక పిడికెడు మట్టి తీసి నలిపి చూసి, "ఇది మన మట్టే" అన్నారట. జులై సాయంత్రాల్లో లుంగీ కట్టుకుని, తడి ఎక్కడిదాకా దిగిందో పుల్లతో గుచ్చి చూస్తూ ఇంటి చుట్టూ తిరుగుతుంటే చూడాలి. ఆ అరగంటా ఏ డిస్ట్రిక్టూ ఆయనకు గుర్తుండదు. ఫోను కూడా లోపలే పెట్టి వస్తారు. ఆయన్ని ఆ వేషంలో చూసినవాళ్లకి ఆయన మీద కోపం రాదు.

మే నెలలో మాత్రం ఆ పగుళ్లకే వేరే ఉపయోగం ఉంది. ఇక్కడ జీతం మీద రాష్ట్రపు పన్ను లేదు. దానికి బదులు ఇంటి మీద పడతారు. మొత్తం కలిపితే ఇంటి విలువలో ఏటా 2 శాతం అటూ ఇటూ, అందులో పెద్ద వాటా బళ్లదే. ఆ విలువ మీద అభ్యంతరం చెప్పుకోవడానికి మామూలుగా మే 15 గడువు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కలెక్టరు గారి ఇల్లంత ఇల్లు కాలిన్ కౌంటీలోనే లేదు. మే మొదటి వారం నుంచి అదే ఇల్లు కొంపలా మారిపోతుంది. గోడ పగుళ్లకు పక్కన నాణెం పెట్టి ఫోటోలు తీస్తారు. వెనక రోడ్డు మీద లారీల మోత రికార్డు చేస్తారు. మెకిన్నీలో ఉన్న అప్రైజల్ ఆఫీసుకి ఆ ఫైలు పట్టుకెళ్లి, ఇందులో మనుషులు ఎలా కాపురం చేస్తున్నారో తమకే తెలియదన్నట్టు కూర్చుంటారు. పన్ను తగ్గించుకుని తిరిగొచ్చిన సాయంత్రమే ఎదురింటాయనతో, "మన వీధిలో చదరపు అడుగు ఎంత పలుకుతోందో తెలుసా?"

వదినగారి సంగతి వేరు. ఇర్వింగు అపార్ట్‌మెంటు నుంచి వ్యాలీ రాంచ్‌కి, అక్కణ్ణుంచి ప్లేనోకి, అక్కణ్ణుంచి ఫ్రిస్కోకి దేవుడి పటాలు ఒడిలో పెట్టుకుని మారిన మనిషి ఆవిడ. పెద్దమ్మాయి ఒకటో క్లాసుకొక ఇల్లు, ఆరుకొకటి, తొమ్మిదికొకటి. "వంటిల్లు ఆగ్నేయంలోనే ఉందమ్మా" అంటుంది ఎవరైనా మెచ్చుకుంటే, "కిటికీ ఒక్కటే లేదు." చుక్కకూర ఆవిడకు ప్రతి పెరట్లోనూ మొలిచిందట, ఏ పెరట్లోనూ రెండో కోతకి ఆవిడ లేదు.

1990లో ఆరు వేల చిల్లర జనం ఉన్న ఫ్రిస్కోలో 2020కి 2 లక్షలు దాటారు. బడి మీద బడి కట్టారు. కొత్త బడి వచ్చినప్పుడల్లా పాత జోన్ల గీతలు చెరిపి మళ్లీ గీయాల్సిందే. ఆ గీతలు మారే సభల్లో కలెక్టరు గారు మైకు ముందు నిలబడితే చూడాలి. ఆయనకిచ్చేది రెండు మూడు నిమిషాలు. అందులో తన వీధి ఈ బడికే చెందుతుందని భూగోళం, చరిత్ర, ట్రాఫిక్కు, పసిపిల్లల మనసు, అన్నిటి తరఫునా వాదిస్తారు. గంట మోగినా మైకు వదలరు.

ఇప్పుడు కథ తిరగబడింది. బళ్లు కట్టడం ఆగి, మూయడం మొదలైంది. 2024లో ప్లేనో బోర్డు నాలుగు బళ్లు మూయాలని తీర్మానించింది. అదే ఏడాది ఫ్రిస్కో బోర్డు కూడా స్టేలీ మిడిల్ స్కూలు మూయడానికి ఒప్పుకుంది. పిల్లలు తగ్గుతున్నారు. దీనికి ఆయన చెప్పే కారణం సరైనదే. "ఇక్కడి ధరలకి పసిపిల్లలున్న జంటలు ఎక్కడ కొంటారయ్యా? అంతా సెలీనా, ప్రిన్స్‌టన్ అని అవతలికి పోతున్నారు." ఆ రెండు ఊళ్లూ ఒక ఏడాది తర్వాత ఒక ఏడాది దేశంలోకెల్లా వేగంగా పెరిగిన నగరాలని సెన్సస్ వాళ్లే లెక్క చెప్పారు. ధరలు అలా ఎందుకు పెరిగాయని అడిగితే మాత్రం, బయటివాళ్లు వచ్చిపడి పెంచేశారంటారు. ఆ బయటివాళ్లలో కనీసం పదకొండు కుటుంబాలను ఆయనే స్వయంగా షీటు చూపించి రప్పించారు.

ఆయనకు అసలు దెబ్బ పెద్దమ్మాయి పన్నెండో క్లాసులో తగిలింది. టెక్సాస్‌లో 1997 నాటి చట్టం ఒకటుంది. రాష్ట్రంలో ఏ బళ్లో చదివినా సరే, ఆ బళ్లో మొదటి పది శాతంలో నిలిస్తే రాష్ట్రపు యూనివర్సిటీల్లో సీటు ఖాయం. కాలేజీ చేరికల్లో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని అంతకు ముందు ఏడాది కోర్టు తీర్పొస్తే, బీద పేటల పిల్లలకీ మారుమూల ఊళ్ల పిల్లలకీ దారి మూసుకుపోకుండా తెచ్చిన చట్టమది. ఆస్టిన్ యూనివర్సిటీకి తాకిడి ఎక్కువై దానికి మాత్రం 6 శాతం చేశారు. 2026లో చేరేవాళ్లకు 5. టెక్సాస్ పిల్లల సీట్లలో 75 శాతం దాకా ఈ దారినే నిండుతాయి.

అంటే పోటీ రాష్ట్రంతో కాదు, పక్క బెంచీతో. ఆ పక్క బెంచీలో కూర్చున్నదెవరు? ఇంకో కలెక్టరు గారి అబ్బాయి. వాడి వెనక ఇంకో కలెక్టరు గారి అమ్మాయి. ఆరో క్లాసులో ఆల్జీబ్రా మొదలుపెట్టినవాళ్లు, ఎండాకాలం సెలవుల్లో ముందే చదివేసి క్లాసుకి వచ్చినవాళ్లు. ఆరు పాయింట్ల జీపీఏలో దశాంశం తర్వాత మూడో అంకె దగ్గర కుస్తీ. అమ్మాయి దాదాపు అన్నిట్లోనూ ఏ గ్రేడే తెచ్చుకుని పన్నెండు శాతం దగ్గర ఆగింది. ఆస్టిన్ రాలేదు. రిచర్డ్‌సన్‌లో యూటీ డాలస్ స్కాలర్‌షిప్పు ఇచ్చి రమ్మంది. ఇంటి నుంచి కారులో వెళ్లొస్తోంది, మొదటి సెమిస్టర్‌లోనే నాటకాల క్లబ్బులో చేరింది, మునుపటికన్నా నిద్ర బాగా పడుతోందట. ఆ పిల్లకి ఏ దిగులూ లేదు. దిగులంతా వాళ్ల నాన్నకే. "పది రేటింగు బడి" అంటూ నెలరోజులు పునాదికి నీళ్లు పెట్టడం కూడా మానేశారు.

తర్వాత షీటులో కొత్త ట్యాబు వెలిసింది.

మొన్న భోజనాలప్పుడు నన్ను గరాజు పక్కకి తీసుకెళ్లి, తలుపు దించి మరీ చెప్పారు. హైవే 75 పట్టుకుని ఓక్లహోమా వైపు పోతే ఒక చిన్న ఊరు. పేరు నాకు చెప్పారు, నేను రాయను. హైస్కూల్లో క్లాసుకి వందమంది ఉండరు. రేటింగు అయిదు.

"అయిదా?" అన్నాను. ఆయన నోట ఆ అంకె నేనెన్నడూ వినలేదు.

"అదే దాని అందం. వందలో అయిదు శాతమంటే అయిదుగురు. మావాడు ఏడో క్లాసు. రెండేళ్లు ముందే చేరితే ఆ అయిదుగురిలో ఒకడు కాడూ?"

"ఈ ఇల్లో? మూడు శాతం లోపు వడ్డీ కదండీ మీది, 2021లో తీసుకున్నది."

"దీన్ని వదులుతానా? అద్దెకిస్తా. ఆ కొత్త జంట లేదూ, వాళ్లకి. పాపాయికి బడి దగ్గర."

"వదినగారేమన్నారు?"

దానికి జవాబు లేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "ఒక్క మాట. మనవాళ్లెవరికీ చెప్పకు. మనవాళ్లు దిగారంటే ఆ బడి కూడా పది అయిపోతుంది" అన్నారు.

నేను ఇంట్లో కూడా చెప్పలేదు. అయినా ఆ రాత్రికే కాలనీ వాట్సాప్ గుంపులో ఆ ఊరి పేరు తిరుగుతోంది. ఒకరు అక్కడి పన్ను రేటు అడిగారు, ఒకరు మడ్ ఉందా అన్నారు, ఇంకొకరు శనివారం నాలుగు కార్లలో వెళ్లి చూసొద్దామన్నారు. ఎవరో తూర్పు వాకిలి లాట్లు ఎన్ని మిగిలాయని అడిగారు. "రెండు. మూలది నాది, ఇంకొకటి ఖాళీ" అని నిమిషం తిరక్కుండా జవాబిచ్చింది కలెక్టరు గారే.